మూడు కార్లకు ఒకటే మిషిను

వచ్చే బుధవారం మా అబ్బాయి సాగర్ పెళ్లి. సిరిసిల్లలో, అమ్మాయి వాళ్లు మాట్లాడిన ఫంక్షన్ హాల్లో, పది నలభైకి ముహూర్తం. కోరుట్ల కార్ల అడ్డాలో మూడు కార్లు మాట్లాడాను. ఆ ముగ్గురు డ్రైవర్లు దారి చూపే మిషిను ఒకటి కలిసి కొనుక్కుందామని ఎప్పటి నుంచో అనుకుంటున్నారట. ఏ బండి తెలియని ఊరికి పోతే ఆ రోజు అది ఆ బండిలో ఉంటుంది. మహిపాల్ ఫోను ఎండకు వేడెక్కి ఆగిపోతుంది. ప్రేమ్‌కుమార్ ఫోనులో దారి చూస్తుంటే కిరాయిలోళ్ల ఫోన్లు వస్తూనే ఉంటాయి. మూడో ఆయనకు మీటలు నొక్కే ఫోనే ఉంది. నా ఆత్రం చూసి, ఆ కొనేదేదో పెళ్లికి ముందే కొందామన్నారు.

నేను పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో ఉంటున్నాను. సాగర్‌కు పరీక్ష ఉన్న రోజు అక్కడ మూడున్నరకు లేచి, ఇక్కడ ఐదింటికి వాణ్ణి ఫోనులో లేపేవాణ్ణి. వాడికి సంబంధించిన ఏ పనికీ నేను ఎదురుగా లేను. ఈ ఒక్కదానికైనా సమయానికి ఉండాలని నెల సెలవు పెట్టి వచ్చాను. మిషిను ఎట్లాంటిది కొనాలో చూద్దామని ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని, అడ్డా దగ్గరున్న నర్సవ్వ చాయ్ హోటలుకు వెళ్లాను. సిగ్నల్ లేనిచోట పనిచేస్తుందా? ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చడానికి ఎంతసేపు? కొత్తగా కట్టిన ఫంక్షన్ హాళ్లు దానికి తెలుసా?

మహిపాల్, ప్రేమ్‌కుమార్ బల్ల మీద కూర్చుని ఉన్నారు. మూడో ఆయన జగిత్యాల కిరాయికి పోయాడు. నాతో పాటు గంగయ్య అని, అమ్మాయి మేనమామ వచ్చాడు. పెళ్లికొడుకు చొక్కా కొలత కోసం పొద్దున సిరిసిల్ల నుంచి వచ్చిన మనిషి. కొలత అయిపోయింది, బస్సుకు ఇంకా టైముంది. నెమ్మదస్తుడు, అడిగితే తప్ప మాట్లాడడు.

అద్దానికి అతికించే మిషిను మంచిదని మహిపాల్ అన్నాడు. పాత ఫోను ఒకటి దానికోసమే విడిగా పెడదామని ప్రేమ్‌కుమార్ అన్నాడు. నేను కాగితం తీశానో లేదో, అప్పటికే అక్కడ చాయ్ తాగుతున్న మా బావ గంగారాం కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కొన్నాళ్లు సౌదీలో పనిచేసి వచ్చాడు. ఏ ముచ్చటకైనా ఆయన దగ్గర దానికంటే పెద్ద ముచ్చట ఒకటి ఉంటుంది.

"నీ కాయిదం జేబుల పెట్టు బావా. మిషిను ఏదన్న తెండ్రి, ముందు కార్ల ముందు సీటు మాత్రం నాకిడిసిపెట్టుండ్రి. మూడేండ్ల కింద మా అక్క కొడుకు పెండ్లికి గిదే కోరుట్ల నుంచి గదే సిరిసిల్లకు మూడు కార్లు తీసుకపోయిన. సౌదీల నుంచి తెచ్చుకున్న మిషిను ఉండె నా దగ్గర, అరచెయ్యంత, అద్దానికి అతుక్కుంటది. తొవ్వల ఒక్కల్ని అడిగితె ఒట్టు. కథలాపూర్ల అడగలే, వేములవాడల అడగలే. అసలు అద్దం దించితె గద అడిగేది!"

"అయ్యుంటది," అన్నాడు మహిపాల్. అంతవరకు అయ్యుంటుందనే నాకూ అనిపించింది.

"మరి యెనుక కార్లకు తొవ్వ ఎట్ల తెలిసింది బావా?" అన్నాను. మూడు కార్లకు ఒకటే మిషిను అనుకున్నప్పటి నుంచి నన్ను తొలుస్తున్న సంగతి అదే.

"గదే చెప్తున్న." గంగారాం భుజం మీది రుమాలు తీసి ఊపి చూపించాడు. "నేను మిషిన్ను చూస్త, వాళ్లు నన్ను చూస్తరు. కిటికీలకెల్లి దస్తి ఎడమకు ఊపితె ఎడమకు, కుడికి ఊపితె కుడికి. కథలాపూర్ దాటి యెనుకకు మర్రి చూసిన. ఉండాల్సినయ్ రెండు కార్లు, ఉన్నయ్ అయిదు. గా మూడు ఎవ్వలయో నాకు తెల్వది. గింత నిమ్మలంగ దస్తి ఊపుతున్నడంటె తొవ్వ తెలిసినోడే అని పట్టుకున్నరు. వేములవాడ అచ్చెవరకు పందొమ్మిదైనయ్. అండ్ల నాలుగు పెండ్లిళ్లు, ఒక పురుడు, ఒక ఆర్టీసీ బస్సు."

"బస్సోనికి తొవ్వ తెల్వదా మామా?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"ఎందుకు తెల్వది, రోజు పొయ్యే తొవ్వనే. అయినా నా యెనుకనే పాణం నిమ్మలమున్నదని అచ్చిండు. వేములవాడల దిగెటోళ్లు దిగకుంట కూసున్నరు, ఎటు పోతడో చూద్దామని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నర్సవ్వ చాయ్ వడపోస్తూ తల ఎత్తకుండానే అంది. "చెప్పెదాక నీకు గూడ తెల్వదు గద, మాకెట్ల తెలుస్తది?"

"ఇనవే నర్సక్కా. మిషిన్ల ఒక ఆడామె మాట్లాడుతది చూడు, సక్కగ పో, మర్రు, ఆగు, అనుకుంట. గామె వేములవాడ దాటినంక మాట బంద్ చేసింది. ఏమైంది చెల్లె, అలిగినవా అన్న. 'లేదన్నా, నేను చెప్పకముందే నువ్వు మర్రుతున్నవు. ఇగ నేనెందుకు? నువ్వు చెప్పు, నేనింట' అన్నది. గప్పటి సంది నేను చెప్పుడు, మిషిను ఇనుడు. రెండు వందల మీటర్లల ఏడు బర్లున్నయ్ చెల్లె, పైలం అన్న. పోయి చూస్తె ఏడే! ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు."

"సౌదీ మిషిను గద, తెలుగు మాట్లాడిందా?" అన్నాను.

"ముందుగాల అరబ్బీనే. కథలాపూర్ దాటెవరకు మన మాట నేర్చుకున్నది. మనం మాట్లాడుతనే ఉంటిమి గద."

"మరి సిగ్నల్ లేనికాడ?" ఇది నా కాగితం మీది మొదటి ప్రశ్న.

"సిగ్నలా? మీద తిరుగుతది చూడు, శాటిలైటు, గది తిరుగుడు ఇడిసిపెట్టి మా కార్ల మీదికే అచ్చి నిలవడ్డది. ఎండకాలం గద, దాని నీడ మా బండ్ల మీద గొడుగు లెక్క పడ్డది. ఏసీ బంద్ చేసినం, సలి పుట్టి. మాకు మంచిగనే ఉన్నది గని దేశంల మిగిలినోళ్లకు తొవ్వ లేకుంటయింది. బొంబయి పొయ్యే లారీలు సిరిసిల్లకే అచ్చినయ్. తిరుపతి పొయ్యే బస్సు సిరిసిల్లకే అచ్చింది, గుండ్లు చేయించుకుందామని అందరు దిగిండ్రు. సముద్రంల పోతున్న పడవ ఒకటి మర్రి మన మానేరు వాగుల తేలింది."

"ఎండకాలం మానేరుల నీళ్లెక్కడియి మామా?"

"లేకనే గద ఆగింది. ఉంటె మండపం దాక అచ్చేది. గంతల శాటిలైటు ఆఫీసు నుంచి ఫోన్. 'సార్, జర మా శాటిలైటును ఇడిసిపెట్టుండ్రి, దండం పెడుతం' అని. నేను ఊకుంటనా? ముహూర్తం అయినంక మాట్లాడుదాం, పెట్టెయ్ అన్న."

ముహూర్తం అనగానే నేను ముందుకు వంగాను. "ఇంతకు ఎన్నింటికి చేరిండ్రు బావా?"

"ఎనిమిదింటికి ఎల్లినం. ఏడున్నరకు చేరినం."

ప్రేమ్‌కుమార్ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి ఆగిపోయాడు. "ఎల్లకముందే చేరిండ్రా?"

"శాటిలైటు నెత్తి మీదుంటె గట్లనే ఉంటది. బండి ముందుకు పోతుంటె పొద్దు యెనుకకు పోవట్టింది. మర్రి యెనుక కార్ల పెండ్లికొడుకు మెడల దండ చూద్దును గద, ఇచ్చుకున్న మల్లెలు మళ్ల మొగ్గలైనయ్. పొద్దుగాల గీసిన గడ్డం మళ్ల అచ్చింది. ఇంక జర దూరం పోయినంక గడ్డం లేదు, మీసం లేదు, మూతి మీద పాల నురుగున్నది. ఆపుర ఆపు అని అరిచిన డ్రైవర్ను. ఇంకో పది కిలోమీటర్లు పోతె పెండ్లికొడుకు పలక వట్టుకొని బడికి పోతనని ఏడుస్తడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"గా పది కిలోమీటర్లు గూడ పోనియ్యకపోయినవా బావా," అన్నాను.

నవ్వు కొంచెం తగ్గింది. నర్సవ్వ వచ్చి నేను అడగకుండానే నా గ్లాసులో చాయ్ పోసి వెళ్లింది. గంగారాం ఒక్క క్షణం కథ మర్చిపోయి నా వైపు చూశాడు. "నువ్వు బండ్ల ఉంటె పోనిద్దును," అని మెల్లగా అని, గొంతు సవరించుకుని మళ్లీ అందుకున్నాడు.

"ఇగ హాల్ల మర్యాద చూడాలె! పెండ్లికొడుకు యెనుక కార్ల ఉండె, ముందు కారు నాది గనుక ముందుగాల మా పది మందిమి లోపలికి పోయినం. పన్నీరు చల్లిండ్రు, కూసోబెట్టి టిఫిన్ పెట్టిండ్రు. కానుకలు ఇచ్చినోళ్ల పేర్లు మైకుల చదువుతున్నరు. నేను ఇత్తడి బిందె తీసుకపోయిన, చేతులు రెండు చాపితె అందనంత బిందె. మైకాయన నా పేరు ఒకసారి చదివిండు, సాలక రెండోసారి చదివిండు. మూడోసారికి సిరిసిల్లల మగ్గాలన్ని ఆగినయ్. ఎన్నడు ఆగని మగ్గాలు! ఎవ్వలు, ఎవ్వలు అచ్చిండ్రు అని నేసెటోళ్లు బయటికి అచ్చిండ్రు."

గంగయ్య గ్లాసు కింద పెట్టాడు. వచ్చినప్పటి నుంచి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"అన్నా, గా బిందె మీద పేరేమన్న కొట్టిచ్చినవా?"

"కొట్టియ్యకుంట ఇస్తనా? అంచు చుట్టు కొట్టిచ్చిన. 'జీపీఎస్ గంగారాం, కోరుట్ల' అని."

గంగయ్య ఆయన్ని కాసేపు అట్లాగే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎన్నాళ్ల నుంచో వెతుకుతున్న మనిషి దొరికినట్టు చూశాడు.

"పొద్దున గా బిందె నీళ్లతోనే తానం చేసి అచ్చినన్నా."

గంగారాం చేతిలో దస్తి ఆగిపోయింది.

"మూడేండ్ల కింద మా బిడ్డ లత పెండ్లి. తెల్లారి సామాన్లు సదురుతుంటె ఇత్తడి బిందె ఎల్లింది. మా దిక్కు అడిగినం, అల్లుని దిక్కు అడిగినం, గీ గంగారాం ఎవ్వలకు తెల్వది. పేరు ముందు జీపీఎస్ అని ఉన్నది, ఏమన్న పెద్ద కొలువు కావచ్చనుకున్నం. బిందె తోమినప్పుడల్ల మా ఇంటామె అంటది, ఇంత మంచి బిందె ఇచ్చినాయనకు ఒక్కనాడన్న అన్నం పెట్టకపోతిమి అని."

"మరి పెండ్లికొడుకు?" అన్నాడు మహిపాల్, నవ్వు ఆపుకుంటూ.

"గదే చెప్తున్న తమ్మీ. మా అల్లుడు మండపంల కూసున్నడు. జీలకర్ర బెల్లం పెట్టబోతున్నరు. గంతల గేటుకాడ బాజాలు మోగినయ్. చూస్తె బాసింగం కట్టుకొని ఇంకో పెండ్లికొడుకు కారు దిగుతున్నడు! నాకున్నదే ఒక్క బిడ్డ. మా ఇయ్యంకుడు గా పిలగాన్ని చూసిండు, నన్ను చూసిండు. నేనేం చెప్పుదును? గప్పుడు టిఫిన్ల కాడ నుంచి ఓ పది మంది చేతులు గూడ కడుక్కోకుంట ఉరికిండ్రు. అండ్ల ముందటాయన దస్తి ఊపుకుంట ఉరికిండు."

ప్రేమ్‌కుమార్ బల్ల మీద పడి నవ్వాడు. నర్సవ్వ చాయ్ గిన్నె దించి పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. "అసలు మీ హాలుకు ఎట్ల అచ్చిండ్రు?" అని అడిగాను.

"బైపాసు మీద వరుసగ నాలుగు హాళ్లున్నయ్. మాది రెండోది, వీళ్లది నాలుగోది. మిషిను బైపాసు దాక సక్కగనే తెచ్చుంటది. హాలు అచ్చిందని చెప్పుంటది గని ఏ హాలో దానికేం తెలుసు? ఒక్కసారి అద్దం దించి వాచ్‌మన్ను అడిగితె అయిపోవు."

"మరి బుధవారం మనది?"

"మూడోది."

కాగితం మీది మూడో ప్రశ్న నా చేతిలోనే ఉంది.

"మామా, ముహూర్తానికైతె అందిండ్రు గద?" అన్నాడు మహిపాల్.

"అందినం," అన్నాడు గంగారాం. కొంచెం ఆగి, "అయ్యగారు మంచోడు, ఇంకో ముహూర్తం చూసి పెట్టిండు," అన్నాడు. ఆ మాటకు ఆయనే ముందు నవ్వాడు. తర్వాత గంగయ్య వైపు తిరిగి అడిగాడు. "బిందెకు సొట్టలేమన్న పడ్డయా?"

"ఒక్కటి లేదన్నా. రెండు దినాలకోసారి చింతపండుతోని తోముతది మా ఇంటామె. నీ పేరు మిలమిల మెరుస్తది."

గంగారాం తల ఊపాడు. ఆ సంగతి ఆయనకు నిజంగానే నచ్చింది.

గంగయ్య నా వైపు తిరిగాడు. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి. బుధవారం పొద్దుగాల గదే బిందెను మన హాలు గేటు గోడ మీద పెడుత. ఎండకు దూరం నుంచే కనవడుతది. బైపాసు దాక మిషినును చూడుండ్రి, ఆడికెల్లి బిందెను చూడుండ్రి. బిందె ఉన్నకాడ లోపటికి రాండ్రి."

నేను కాగితం మోకాలి మీద పెట్టుకుని మూడో ప్రశ్న పక్కన 'బిందె' అని రాసుకున్నాను. మొదటి రెండింటికి మహిపాల్ జవాబు చెప్పాడు. జగిత్యాల షాపులో చూసి వచ్చాడట. అద్దానికి అతికించే మిషినులో దారులన్నీ ముందే ఉంటాయి, సిగ్నల్ లేకున్నా నడుస్తుంది. ఒక బండి నుంచి పీకి ఇంకో బండికి పెట్టడానికి రెండు నిమిషాలు. అదే తీసుకుందామన్నారు. బుధవారం మహిపాల్ కారు ముందు, మిషిను అందులో.

ఇదంతా తేలేసరికి గంగారాం దస్తి దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు.

"చూసినవా బావా? తొవ్వ తెలిసినోడు గుర్తు ముందుగాల్నే పెట్టుకుంటడు. నీ కొడుకు పెండ్లి ఏ హాల్లనో నీకు మొన్న తెలిసింది. నేను మూడేండ్ల కిందనే పోయి గుర్తు పెట్టి అచ్చిన!"

"అవ్వో!" అంది నర్సవ్వ. గంగయ్య రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టాడు.

"నడిమి కార్ల కూసో బావా," అన్నాను.

"నడిమి కార్లనా?"

"నడిమి కార్లనే. కిటికీ దిక్కు."

గంగారాం భుజం మీది దస్తి తడుముకున్నాడు. "దస్తి ఊపొచ్చునా?"

"ఊపు బావా, నీ ఇష్టం."

ఆయన తృప్తిగా కూర్చున్నాడు. నేను కాగితం మళ్లీ తీసి, కింద నాలుగోది రాసుకున్నాను: మూడో కారు డ్రైవరు జగిత్యాల నుంచి రాగానే చెప్పాలి, దస్తిని చూడొద్దని.