శ్రీహరి పెట్టెలో లేని పుస్తకాలు

బాపిరాజు ఐసు ఫ్యాక్టరీలో కంప్యూటరు బాగుచేసిన కథ కొల్లేటి చుట్టుపక్కల వినని మనిషి లేడు. చెప్పినవాడు బాపిరాజే కాబట్టి ఇందులో వింత లేదు. ఆకివీడు సంతలో విన్నవాళ్ళున్నారు, తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు వెళ్ళిపోతున్నా ఎక్కకుండా విన్నవాళ్ళున్నారు. ఏలూరులో పళ్ళ డాక్టరు దగ్గర పక్క కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, వద్దనే వీలు లేక విన్న పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు.

ఆ కథని సగంలో ఆపగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. బాపిరాజు స్నేహితుడు శ్రీహరి. కథ మరీ పైకెళ్ళిపోతే, "ఒరే రాజూ, చాలు, ఇక దిగరా" అనేవాడు. దించేవాడు ఉన్నాడనే ధీమాతోనే ఎక్కినట్టు, బాపిరాజు కూడా బుద్ధిగా దిగిపోయేవాడు.

శ్రీహరి కామెర్లు ముదిరి ఏలూరు ఆసుపత్రిలో పోయాడు. ఇవాళ అతని దినం. భోజనాలయ్యాయి. ఇంటి ముందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు కూర్చున్నారు. శ్రీహరి లాంటి తెలివైనవాడు మళ్ళీ పుట్టడని అందరూ ఒకే గొంతుతో అన్నారు. బతికున్నప్పుడు అతను ముందుగదిలో పెట్టుకున్న కంప్యూటరుకి పిచ్చిపెట్టె అని పేరు పెట్టింది కూడా వీళ్ళే. పోయినవాడి గురించి మంచి చెప్పాలంటే మొదట పోవాలి కదా.

ఆ పెట్టె చేసే పని చిన్నదే. ఇంటి వెనకాల శ్రీహరి చేపల చెరువు ఉంది. ఇలా మబ్బు పట్టి వదలని రోజుల్లో నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. తెల్లారేసరికి చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. ఆ వేళకి ఏరియేటర్లు తిరిగి నీళ్ళు చిలక్కపోతే ఏడాది కష్టమంతా వెల్లకిలా తేలుతుంది. శ్రీహరి ఒక చిన్న కంప్యూటరులో లైనక్సు అనే సాఫ్ట్‌వేరు వేసి, టైముకి ఏరియేటర్లు వాటంతట అవే తిరిగేలా చేశాడు. మబ్బు వల్ల ఇప్పుడా టైము ముందుకి జరపాలి. జరపడం ఎవరికీ రాదు.

ఆసుపత్రి మంచం మీద శ్రీహరి తన భార్య సౌజన్యతో, "ఏం తెలియకపోయినా భయపడకు. 'మ్యాన్' అని కొట్టి, పక్కన నీకు కావలసిన కమాండు పేరు కొట్టు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం తెర మీదికి వస్తుంది. చదువుకో, అన్నీ ఉంటాయి" అన్నాడట. సౌజన్య ఇంటికొచ్చి కొట్టింది. పుస్తకం రాలేదు. ఇంగ్లీషులో ఏదో ఎర్రరు వచ్చింది. ముట్టుకుంటే ఉన్నది కూడా ఆగిపోతుందేమోనని భయపడి, రోజూ చీకటితోనే లేచి గట్టు మీదికి పోయి తన చేత్తోనే స్విచ్చి వేస్తోంది. ఒక్క రోజు కునుకు పట్టిందా, చెరువు పోయినట్టే. ఊరంతా కలిసి ఆమెకి ఒకే సలహా ఇచ్చారు. "ఆ ఎర్రరుకి మందు బాపిరాజుగారి దగ్గరుందమ్మా. ఆయన దినానికి వస్తాడుగా."

ఆ సలహా బాపిరాజు చెవిన పడింది. పడ్డ దగ్గర్నుంచి అతనికి అన్నం సయించడం లేదు. లోకానికి తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు. ఆ యంత్రం గురించి తనకి ఏమీ తెలియదు. ఇవాళ రాక తప్పలేదు, వచ్చాడు. సౌజన్య గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఏదో అడగబోతున్నట్టే ఉంది. మాట్లాడుతున్న మనిషికి అడ్డం వచ్చి ఎవరూ ఏమీ అడగరు కదా. అందుకని, పక్క కుర్చీలో రామయ్య ఆవలిస్తూ "ఆ ఐసు ఫ్యాక్టరీ సంగతి చెప్పండి రాజుగారూ" అనగానే అందుకున్నాడు.

"ఏముందండీ రామయ్యగారూ, చిన్న పని. ఇదుగో మన కృపానందం పనిచేసే ఫ్యాక్టరీలోనే. కంప్యూటరు మొండికేసింది. 'మ్యాన్' అని కొడితే పుస్తకం రావాలా, రాలేదు. 'ఆ పేరుతో పుస్తకం లేదు' అని వచ్చింది. నేను చూశాను. లేకపోవడం కాదండీ, అది వెతికే చోట వెతకడం లేదు. బీరువా ఎదురుగా పెట్టుకుని అటక మీద వెతికినట్టు. దానికి దారి చెప్పాను, దొరికింది. అంతే."

కృపానందం తలూపాడు. ఆ రోజు అక్కడున్న మనిషి, జరిగింది తెలిసిన మనిషి. కానీ ఇప్పుడే గారెలు తిని చెయ్యి కడుక్కున్నాడు, పైగా చావిల్లు. ఎవరినీ కాదనే స్థితిలో లేడు.

ఇంతవరకూ కథ సబబుగానే ఉంది. బాపిరాజు గుమ్మం వైపు చూశాడు. సౌజన్య మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. అతను ఆగలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుస్తకం వచ్చింది గానీ, పైన ఒక సణుగుడు. 'భాష కుదరడం లేదు' అని. ఎందుకంటే, నేను దానికి తెలుగు పెట్టాను. మన కరెంటు తింటూ మనతో ఇంగ్లీషేంటండీ! తీరా చూస్తే దానికి తెలుగు రాదు. కూర్చోబెట్టి నేర్పాను. మధ్యాహ్నానికి అక్షరాలు, సాయంత్రానికి గుణింతాలు. దీపాలు పెట్టేవేళకి అది ఎర్రరు ఇచ్చిందంటే ఎంత మర్యాదనుకున్నారు! 'ఏవండీ, ఏమీ అనుకోకండీ, తమరడిగిన పుస్తకం మా దగ్గర లేదండీ, కాస్త మజ్జిగ పుచ్చుకుని వెళ్ళండీ' అని."

"మజ్జిగ కూడానా అండీ?" అన్నాడు రామయ్య. ఈయన ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఎన్నికలప్పుడు నిలబడ్డ ప్రతివాడికీ ఓటేస్తానని మాటిచ్చి, లోపలికి వెళ్ళాక ఎవరి మాట తప్పాలో తేలక ఏడుస్తూ బయటికొచ్చిన మనిషి.

"అల్లం వేసిన మజ్జిగండీ."

బాపిరాజు ఆగాడు. సరిగ్గా ఈ మజ్జిగ దగ్గరే శ్రీహరి దిగమనేవాడు. ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఒక్కొక్క మొహమే చూశాడు. అందరూ మర్యాదస్తులు. పైగా కృపానందం, "అప్పుడేమైందండీ రాజుగారూ?" అన్నాడు.

"అప్పుడేగా అసలు ప్రమాదం! పుస్తకాన్ని తెర మీద పేజీ పేజీకీ ఆపి చూపించే సరుకు ఒకటి ఉంటుంది. దాన్ని పేజర్ అంటారు. అది లేదు ఆ కంప్యూటర్లో. నాకు తెలియక పుస్తకం తెరిచాను. ఆపేది లేకపోయేసరికి ఇక అది పరుగండీ! తెర నిండింది, బల్ల మీదికి దిగింది, ఐసు దిమ్మల మీద జారి రోడ్డెక్కింది. కైకలూరు బస్సు ఆగిపోయింది. అక్షరాలు అడ్డంగా పోతుంటే డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు? అలా పోయి పోయి కొల్లేట్లో దిగింది. నేను తాటిదోనె వేసుకుని వెనక పడ్డాను. గూడబాతులు ముక్కు కింద సంచుల్లో పేజీలు నింపుకుని లేస్తున్నాయి. కొరమీను తల పైకెత్తి చదువుతోంది. శీలావతి చేప చదవలేదు, దానికి మొదట్నుంచీ చదువు మీద ధ్యాస లేదు."

"మరి బొచ్చె అండీ?" అన్నాడు రామయ్య.

"బొచ్చెకి తల పెద్దది కదండీ, తలైతే ఊపింది. అర్థమైనట్టు లేదు."

మామూలు రోజయితే ఇక్కడ కుర్చీలు విరిగేవి. ఇవాళ ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చినవాళ్ళు తలొంచుకుని భుజాలు కుదిపారు, పక్కవాళ్ళు ఏడుస్తున్నారనుకుని వీపు నిమిరారు. బాపిరాజుకి మాత్రం చెమట పట్టింది. ఇంత ఎత్తుకి అతను ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. కిందికి చూస్తే చెయ్యి అందించేవాడు లేడు. పైకే పోవాలి.

"ఉప్పుటేరు దగ్గర దాని తోక దొరకబుచ్చుకున్నాను. రవ్వంత ఆలస్యమైతే సముద్రంలో కలిసేది, కలిసిందంటే దేశదేశాల్లో ఏ కంప్యూటరుకీ పుస్తకం మిగలదు. ఆ సంగతి తెలిసి లైనక్సు తయారుచేసినవాళ్ళు విమానమేసుకుని పరుగెత్తుకొచ్చారు. దిగడానికి చోటు లేక రామయ్యగారి చేలో దిగారు."

"నా చేలోనా?" రామయ్య సగం లేచాడు. "ఊడ్చిన చేనండీ!"

"ఒక్క మొక్క నలగలేదండీ. చెప్పులు విప్పి దిగారు. వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. 'రాజుగారూ, మావల్ల కాదు, తమరే దిక్కు' అన్నారు. సరే కదా అని, తోకని తెడ్డుకి చుట్టుకుని ఒక్క మీట నొక్కాను. కొల్లేట్లో పేజీలన్నీ వరస తప్పకుండా వెనక్కి నడిచి వచ్చి, ఎవరి బీరువాలో వాళ్ళు కూర్చున్నాయి. ఆ రోజు లగాయతు, ఏ ఊళ్ళో, ఎవరింట్లో, ఏ కంప్యూటర్లో కొట్టినా పుస్తకం రాకపోవడమనేది లేదండీ!"

నోట్లోంచి వచ్చేశాక తెలిసింది, ఆ మాట ఎవరింటి ముందు కూర్చుని అన్నాడో.

"మా ఇంట్లో రావడం లేదండీ, అన్నయ్యగారూ," అంది సౌజన్య.

చెంబు అరుగు మీద పెట్టింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాపిరాజుకి సులువుగా ఉండేది.

"ఐసు ఫ్యాక్టరీలోది బాగుచేసింది మా ఆయనండీ. మీరు పక్కన స్టూలు మీద కూర్చుని ఇలాంటి కథే చెబుతున్నారట. మీకు ఆ పని రాదని మా ఇంట్లో ఎప్పట్నుంచో తెలుసు."

కృపానందం తన వేళ్ళకి ఇంకా గారెల నూనె ఉందేమోనని పరీక్షగా చూసుకోవడం మొదలుపెట్టాడు. రామయ్య తన చేలో విమానం దిగిందా లేదా ఎవరినైనా అడుగుదామనుకుని, ఎవరి మొహమూ బాగా లేక ఊరుకున్నాడు.

"మరి నన్ను దేనికి..." అన్నాడు బాపిరాజు.

"బాపిరాజు పక్కనుండి ఏదో ఒకటి కోస్తుంటేనే నాకు చెయ్యి ఆడుతుంది అనేవారండీ ఆయన. నేనొక్కదాన్నీ దాని ముందు కూర్చుంటే మీట మీద వేలు పడటం లేదు. మీరు ఏమీ చేయొద్దు. వచ్చి కూర్చోండి."

ముందుగదిలో బల్ల, కుర్చీ, కుర్చీ పక్కన స్టూలు. బాపిరాజు స్టూలు మీద కూర్చున్నాడు. కుర్చీలో సౌజన్య కూర్చుని 'మ్యాన్' కొట్టి, ఏరియేటర్ల టైము మార్చడానికని శ్రీహరి చెప్పిన కమాండు పేరు కొట్టింది. నల్లటి తెర మీద మళ్ళీ ఆ ఎర్రరే వచ్చింది. ఈసారి ఆమె దాన్ని వదలకుండా, వేలు పెట్టి, మాట మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"'ఈ యంత్రం దగ్గర మనుషులెవరూ కూర్చోరు కాబట్టి అక్కరలేనివన్నీ తీసేసి చిన్నది చేశాం, పుస్తకాలు కూడా తీసేశాం, కావాలంటే ఈ మాట కొట్టి తెప్పించుకోండి' అంటోందండీ." తెర మీంచి చూపు తిప్పలేదు. "లేని పుస్తకాల్ని చదువుకోమని నాకెందుకు చెప్పారండీ ఆయన?"

"లేవని వాడికి తెలియదమ్మా," అన్నాడు బాపిరాజు. "అన్నీ నోటికొచ్చు. ఒక్కసారి కూడా తెరవాల్సిన పని పడలేదు వాడికి."

బయట అని ఉంటే, అన్నిటికంటే పెద్ద కోత ఇదేనని అందరూ అనుకునేవాళ్ళు. ఆ పూట అతను చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

"ఆయనకి పడలేదు సరే. నాకు పడిందిగా అండీ," అంది సౌజన్య.

ఫోనులోంచి నెట్టు కలిపింది. తెర చెప్పిన మాట చూసి చూసి కొట్టింది. కొనసాగించమంటారా అని యంత్రం అడిగింది. మీట మీదికి పోయిన వేలు అక్కడే ఆగిపోయింది.

"చెప్పండి అన్నయ్యగారూ, ఏదో ఒకటి. ఆ గూడబాతులు తర్వాత ఎటు పోయాయి?"

బాపిరాజు నోరు తెరిచాడు. గూడబాతులున్నాయి, వాటికి పోవడానికి ఆకాశమంతా ఉంది. వచ్చింది మాత్రం ఏడుపే. పైకండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన ఏదో ఒక చప్పుడు ఉండాలనేగా ఆమె పిలిచింది. ఆ ఏడుపు చప్పుడుకే సౌజన్య మీట నొక్కింది.

తెర మీద వరసలు ఒక్కొక్కటే దిగడం మొదలైంది. ఎంతసేపు పడుతుందో తెలియదు. వెనక చెరువు మీద మబ్బు అలాగే ఉంది. బయటి నుంచి రామయ్య, "ఏవండీ రాజుగారూ, బాగుచేసేశారా?" అని కేకేశాడు.

బాపిరాజు మొహం తుడుచుకుని గుమ్మంలోకి వచ్చాడు. షామియానా కింద కుర్చీలన్నీ అతని వైపు తిరిగాయి. కృపానందం తనది ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాడు కూడా.

"సౌజన్య చేసుకుంటోందండీ," అన్నాడు బాపిరాజు. వాళ్ళు ఇంకేమైనా ఉందేమోనని చూశారు. అతను లోపలికి వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.