నడిస్తే చాలదు

అద్దంకిలో డాక్టరు జాస్మిన్ నడిపే పశువుల ఆసుపత్రి. పరుపు మీద ముసలి కుక్క బొబ్బిలి, పక్కనే దాని తల నిమురుతూ హనుమాయమ్మ. కీళ్ళనొప్పికి ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చడం అప్పుడే మొదలైంది.

"ఇందులో మందే లేదంటే ఎట్టా డాక్టరమ్మా? సూదన్నాక మందు లోపలికి పోవాలి గదా."

"ఇది ఉత్త సూదే హనుమాయమ్మ గారూ. వెంట్రుకంత సన్నం. చూడండి, గుచ్చినట్టు దానికి తెలియను కూడా తెలియలేదు."

"మా ఊళ్ళో నవ్వుతున్నారమ్మా. మనుషులకే లేని వైద్యం కుక్కకెందుకంట."

"నవ్వనివ్వండి. పోయిన రెండుసార్లకే మీ అరుగు ఎక్కింది గదా. ఇదిగో, తుంటి మీద ఇంకొకటి... ఊఁ, అయిపోయాయి. ఇరవై నిమిషాలు కదలనివ్వకండి. అప్పుడే కళ్ళు మూస్తోంది, చూశారా?"

"చూశా. మరి ఎప్పటికి పరిగెత్తుద్దమ్మా?"

"పరుగా? దీనికి పన్నెండేళ్ళండీ. కీళ్ళు అరిగిపోయాయి. నొప్పి తగ్గించగలను గానీ వయసు తగ్గించలేను. ఇంటి చుట్టూ నడిస్తే చాలు."

"నడిస్తే చాలదమ్మా. పరిగెత్తాలి."

"ఎందుకు?"

"కుక్కన్నాక పరిగెత్తాలి గదా."

"హనుమాయమ్మ గారూ..."

"చేలోకి పోవాలమ్మా. మా ఆయన వెంట. మైలున్నర."

"ఇంట్లోనే ఉంచండి. చేలో దానికేం పని? మిరప తోటకు కుక్క కాపలా ఎందుకు?"

"తోటకు కాదు."

"మరి?"

"వద్దులెండి. చెప్పుకునేది కాదు."

"నాకు చెప్పండి. పర్లేదు."

"నిరుడు నల్లతామర పురుగు పడి తోటంతా ముడుచుకుపోయిందమ్మా. ఆయన అన్నం మానేశాడు, మాట మానేశాడు. ఒకరోజు పొద్దున ఇది ఒక్కటే ఇంటికి పరిగెత్తుకొచ్చింది. మొరిగి మొరిగి, నా కొంగు పట్టి లాగింది. దీని వెనకే పోతే... ఆయన గట్టు మీద పడున్నాడు. తాగకూడంది తాగాడు."

"అయ్యో."

"ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు ఒంగోల్లో. అప్పట్నించీ దీన్ని ఆయన వెంటే పంపుతున్నా. కుంటుకుంటూనే పోతోంది. నేను పోతే 'నాకు కాపలానా' అని కసురుతాడు. ఇది పోతే ఏమీ అనడు."

"ఆయన్ని ఎవరికన్నా చూపించారా? మనసు బాగోకపోతే దానికీ డాక్టర్లున్నారండీ."

"రానంటాడు. అయినా ఈ నాల్రోజుల్నించీ బాగున్నాడమ్మా! ఈసారి నిరుటికంటే ఎక్కువ పురుగు పడినా ఆయనకు దిగుల్లేదు. పొద్దున్నే తలంటుకున్నాడు. దీన్ని దగ్గరకు తీసుకుని ఒళ్ళంతా నిమిరాడు. పెరుగన్నం తన చేత్తో కలిపి పెట్టాడు. దీని మీద ఆయనకింత ప్రేముందని నాకే తెలియదు."

"మరి ఇవాళ ఆయన వెంట ఎవరున్నారు?"

"ఇవాళా? ఇదిక్కడుందిగా. ఎవరూ లేరు. నేను రేపు పోతాలే అన్నానమ్మా. ఆయనే పట్టుబట్టి ఆటో ఎక్కించాడు. దానికి నొప్పిగా ఉంది, ఇవాళే తీసుకెళ్ళు, అట్నించటే మీ చెల్లెలింటికి పోయి రేపు రండి అని..."

"ఆగండి. ఆయనే పంపాడా?"

"ఆయనే. ఏందమ్మా, అట్టా చూస్తున్నారేంది?"

"ఆయనకు ఫోన్ చెయ్యండి."

"ఆయన ఫోను నా సంచిలోనే పెట్టాడు. తోటకు నీళ్ళు కడుతున్నా, తడుస్తుందని... తడుస్తుందనే అన్నాడమ్మా."

"హనుమాయమ్మ గారూ..."

"తీసెయ్యండమ్మా. ఆ సూదులు తీసెయ్యండి. మేం పోవాలి. లే బొబ్బిలీ, లేరా..."

"మీరు వెళ్ళేసరికి గంట పడుతుంది! పక్క చేను ఎవరిది? ముందు వాళ్ళకు చెయ్యండి!"

"రంజాన్‌ది. ఫోనెత్తరా నాయనా, ఎత్తు... ఆఁ, రంజానూ! నేనురా, హనుమాయమ్మ పిన్నిని. మీ బాబాయి చేలో ఒక్కడే ఉన్నాడు, పోరా. ఎందుకేంట్రా, పో! నడిస్తే చాలదు నాయనా, పరిగెత్తు!"