జీన్సు కుడతానని డాక్టరమ్మకు చెప్పిన మాట

నా పేరు జయచంద్ర. తండ్రి పేరు రామప్ప. వయసు నలభై ఆరు. ఉండేది బెళుగుప్ప. పన్నెండేళ్లుగా ఆటో తోలుతున్నాను.

పోయిన మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఖాళీ ఆటోతో రాయదుర్గం బయలుదేరాను. తొమ్మిదింబావుకు రోడ్డు వారన మారెక్క అనే ఆమె వేరుశనగ కాయలు ఆరబోస్తూ ఉంది. ఆమెను నేను చూశాను. అప్పుడే గుండె దడదడ కొట్టుకుంది, కళ్లు చీకట్లు కమ్మాయి. తరువాత ఏమీ తెలియదు. తెలివి వచ్చేసరికి ఆటో కాయల మీద ఒరిగి ఉంది. మారెక్క కింద పడి ఉంది. ఆమె తొడ ఎముక విరిగింది.

"పొద్దున్నే తాగొచ్చినాడు" అని చుట్టూ చేరినవాళ్లు అన్నారు.

"ఆయప్ప మొగం చూడండప్పా, యెట్ల పాలిపోయినాదో" అని మారెక్క అంది.

నేను తాగలేదు. రక్త పరీక్షలోనూ అదే తేలింది. కానీ ఇక్కడితో ఆపితే నేను చెప్పింది సగమే అవుతుంది.

ఎనిమిది నెలల కిందట నాకు గుండెపోటు వచ్చింది. అనంతపురంలో డాక్టరమ్మ ఇంద్రాణి గారు చీటీ వెనక గుండె బొమ్మ గీసి, ఒక మూల పెన్నుతో నల్లగా రుద్దారు.

"రక్తం అందక ఈడ కండ చచ్చిపోయి మచ్చ కట్టినాది. ఇంక అది ముడుచుకోదు. దాని పని కూడా మిగతా కండే చేస్తాండాది. చేసీ చేసీ సాగిపోయి గుండె పెద్దదయినాది. లోపలికొచ్చిన రక్తంలో నూటికి అరవై దాకా బయటికి తోయాల. నీది ముప్పైయే తోస్తాండాది. ఆ మచ్చ వల్ల లయ తప్పితే ఉన్నట్టుండి పడిపోతావు. ఏం పని చేస్తావు?"

"జీన్సు కుడతా మేడం" అన్నాను.

"సరే. బండి మాత్రం తోలొద్దు."

జీన్సు కుట్టేది నా భార్య మహేశ్వరి. అప్పుడు ఆమె నా పక్కనే ఉంది. బస్సులో అడిగింది.

"ఎందుకట్ల చెప్పినావు?"

"ఇంట్లో కూర్చుంటే రోగినైపోతా" అన్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.

అప్పటినుంచి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల పట్టీల గుర్తులు పడేవి. మహేశ్వరి రోజూ ఆ గుర్తులు చూసేది. అయినా రోజూ మనుషులను ఎక్కించుకున్నాను.

నిన్న ఆస్పత్రికి పోయి ఇదంతా మారెక్కకు చెప్పాను. క్షమించానని అనలేదు.

"నాది ఎముక. అతుక్కుంటుందంట. నీది అతకదు గదప్పా. తెలిసీ యెట్ల తోలినావు?" అంది.

లైసెన్సు ఈరోజు నేనే తెచ్చి ఎస్సై గారి టేబుల్ మీద పెట్టాను.

రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు, ఇందులో దాచినదీ లేదు.

(సంతకం) జయచంద్ర