గోడ దగ్గరికి వెళ్ళిన కుర్చీలు

వెయ్యి తొమ్మిదివందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మా కార్యాలయపు టపా విభాగంలో గుమాస్తాగా చేరిన మా సమాచార అధికారిగారు, ముప్పై ఏడేళ్ళ నిష్కళంక సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి రాయడానికి పెద్ద చదువులు చదివిన సహోద్యోగులు ఎందరో ఉన్నారు. అయినా తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయి, ఇక్కడ కవర్ల మీద చిరునామాలు రాసే నాకు ఈ అవకాశమిచ్చిన వీడ్కోలు సంచిక సంఘంవారికి నమస్కారాలు. భయంభయంగానే రాస్తున్నాను.

టపా విభాగంలో పన్నెండేళ్ళు, పాత కాగితాల గదిలో ఆరేళ్ళు ఓర్పుతో పనిచేసిన వారు, ప్రజలు అడిగిన సమాచారాన్ని ముప్పై రోజుల్లోగా ఇచ్చితీరాలన్న చట్టం వచ్చాక సమాచార విభాగపు బాధ్యత స్వీకరించారు. అర్జీలు వచ్చేది మా విభాగానికి, కాగితాలుండేది ఇతర విభాగాల్లో. అక్కడినుంచి "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్క వచ్చేసరికే ముప్పై రోజులు మూడు నెలలయ్యేవి. గడువు, గడువు అంటూ అంతస్తులన్నీ ఎక్కిదిగే వారికి అందరూ కలిసి గడువుగారని పేరు పెట్టారు. వారు నవ్వేసి ఆ పేరుకే పలికేవారు.

ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, సామాన్ల గదిలో మూలపడ్డ, కింద చిన్న చక్రాలున్న పాత కుర్చీలను వారు బయటికి తీయించారు. గడువు దాటిన ప్రతి అర్జీకీ ఒక కుర్చీ. దాని వీపుకు అర్జీ సంఖ్య రాసిన అట్టముక్క. జవాబు వెళ్ళిన రోజున కుర్చీ లోపలికి వెళ్ళేది. అంతవరకూ నడవాలో ఎడమ గోడ పక్కన వరుసలో ఉండేది.

"అడిగినవాళ్ళు కూర్చుని ఉన్నారనుకుని నడవండి," అనేవారు.

ఏడాది తిరిగేసరికి పక్కకు ఒదిగి నడవవలసి వచ్చింది. ఖాళీ కుర్చీలే అయినా వాటికి వీపు చూపించి నిలబడటానికి ఎవరికీ మనసొప్పేది కాదు. వారి శ్రీమతిగారు ఒకసారి వచ్చి చూసి, "ఇంట్లో కుళాయి బాగుచేయించమని నేను అడిగి రెండేళ్ళయింది. నాకెన్ని కుర్చీలు వేస్తారు?" అన్నారు. అందరూ నవ్వారట గాని, గొంతులు పెద్దవి చేయలేదట.

ఆ నడవాలో నలభై ఒకటో కుర్చీ నాది. అప్పటికి నేను ఉద్యోగిని కాను, ఎదురు వీధిలో కుట్టుపని చేసుకునేదాన్ని. నడవాకు కుడి గోడ అవతల ఉన్న పసిపిల్లల సంరక్షణ గదిలో నా కూతుర్ని దింపేదాన్ని. ఆ గోడకు పగులు వచ్చింది. పరీక్షించి వెళ్ళారన్నారు, ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. ఆ నివేదిక ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాను. ముప్పై రోజులు పోయాయి, తొంభై పోయాయి. నా దస్తూరీ చూసి, చిరునామాలు రాసేందుకు మనిషి కావాలని కబురు చేసింది గడువుగారే.

నేను చేరిన రెండో వారంలో, ఒక ఉదయం తాళం తీసేసరికి ఎడమ గోడ పక్కనుండవలసిన కుర్చీలన్నీ కుడి గోడకు ఆనుకుని ఉన్నాయి. సర్దితే మర్నాడు మళ్ళీ అంతే. చెవులు ఆనించి పిల్లల మాటలు వింటున్నట్టు.

"సార్, ఇక పొద్దున్నే తాళం నేను తియ్యను. జవాబు రానివాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు," అన్నాడు బంట్రోతు.

"వస్తే మంచిదే కదయ్యా. టీ ఇచ్చి కూర్చోబెట్టు."

ఆ సాయంత్రం నా కూతురు అడిగింది: "అమ్మా, గోడ అవతలవాళ్ళు టక్ టక్ కొడుతున్నారు. తలుపు తియ్యరేం?"

ఆ మాట చెప్పగానే గడువుగారి నవ్వు పోయింది. మర్నాడు పళ్ళెం తెప్పించి, నేలమీద పెట్టి నీళ్ళు పోశారు. నీళ్ళన్నీ కుడివైపుకే చేరాయి. నేల ఆ గోడ వైపు కుంగుతోంది.

వారు ఎవరి అనుమతికీ ఆగలేదు. నడవా మూయించారు. పదకొండుమంది పిల్లల్నీ బయటికి రప్పించారు. నా కూతుర్ని తామే చంకన వేసుకున్నారు.

"నివేదిక రాకుండా ఖాళీ చేయించడానికి మీరెవరండీ?" అని పై అధికారి కేకలేశారు.

"వచ్చేసింది సార్. చక్రాల మీద వచ్చింది."

ఏడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని వారికి మెమో వచ్చింది. గంటలో జవాబిచ్చారు. ఖాళీ చేయించిన పందొమ్మిదో రోజు మధ్యాహ్నం, పిల్లలు పడుకునే వేళకు, ఆ గోడ లోపలికి కూలింది. ఇటుకల మధ్య కుర్చీలన్నీ విరిగిపడి ఉన్నాయి. నలభై ఒకటోది మాత్రం నా కూతురి చాప పరిచే చోట తిన్నగా నిలబడి ఉంది.

కొత్త భవనానికి వచ్చి ఏడాదిన్నర. ఆ నివేదిక ఇప్పటికీ రాలేదు. కాబట్టి ఆ కుర్చీ మాతోనే వచ్చి, పిల్లల గదికి ఎదురుగా ఉంది. గడువుగారు దాని చక్రాల చుట్టూ సుద్దతో గీత గీసి, "నేను వెళ్ళాక రోజూ చూడమ్మా," అని నాకు అప్పగించారు.

ఈ వ్యాసం రాస్తున్న ఈ ఉదయం చూశాను. కుర్చీ పిల్లల గది వైపు గీత దాటింది. ఒక వేలెడు. పళ్ళెంలో నీళ్ళు సమంగానే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ పోసి చూశాను, సమంగానే ఉన్నాయి. వెంటనే కొత్త అర్జీ రాశాను. వారే ముద్ర వేసి తీసుకుని, "ముప్పై రోజులు కాగితానికమ్మా, పాపకు కాదు," అన్నారు. అందుకే పాప ఇప్పుడు నా పక్కనే కూర్చుని సుద్దముక్కతో ఆడుకుంటోంది. మిగతా పిల్లల్ని కూడా ముందు గదిలోకి మార్పించి, వారు తలుపు దగ్గర తామే కాపలా కూర్చున్నారు.

అడిగినవారి కోసం అన్నేళ్ళు కుర్చీలు వేసిన మా గడువుగారు ఆయురారోగ్యాలతో, శ్రీమతిగారి కుళాయి బాగుచేయించి, మనవల అల్లరి మధ్య నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని, వారి వరండాలోని కుర్చీ ఎన్నడూ ఖాళీగా కనిపించకూడదని చేతులెత్తి కోరుకుంటున్నాను.