గాల్లో తిరిగే చక్రం

ఆ వీధిలో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. వెనక మాత్రం కోతల బాబాయ్ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తెలియనట్టు ఉంటాడు. రంగుల దుకాణంలో ఏళ్ళ తరబడి డబ్బాలు అమ్మి అమ్మి మనిషి అలా తయారయ్యాడని కొందరంటారు. ఏ రంగేస్తే గోడ వానకి వెలవదో చెప్పడంతో మొదలుపెట్టి, చివరికి ఒక్కసారి వేస్తే మనవలు కూడా మళ్ళీ వేయించుకోనక్కర్లేదని చెప్పేదాకా వచ్చాడట. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అన్న సామెత ఈయన్ని చూశాకే పుట్టి ఉంటుందని టైలర్ అంటుంటాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం బాబాయ్ టీ కొట్టుకి కోతలు కోయడానికి రాలేదు. సాయం అడగడానికి వచ్చాడు.

ఇంటి ముందు ఆయన పాత కారు జాకీ మీద మూతి పైకెత్తి నిలబడి ఉంది. ముందు చక్రం పంక్చరైంది. పొద్దుట్నుంచీ పానా పట్టుకుని కుస్తీ పట్టినా ఒక్క నట్టూ ఊడిరాలేదు. ఇంకో మనిషి పక్కనుంటే చిటికెలో అయ్యేది, కానీ ఆ ఇంట్లో ఇంకో మనిషి లేదు. సాయంత్రం రైలుకి అక్క వస్తోంది. తన భార్య పోయాక అక్క రావడం ఇదే మొదలు. "ఒక్కడివీ ఎలా నెట్టుకొస్తున్నావురా" అని ఆవిడ ఫోన్లో ముక్కు చీదబోతే, "నాకేమే, రాజాలా ఉన్నాను, స్టేషన్‌కి కారేసుకుని వస్తాను చూడు" అన్నాడు. "చూస్తాను. నీకు చేతకావట్లేదని ఒక్క పిసరు నా కంటబడిందా, సామాన్లు సర్దించి మా ఇంటికి లాక్కుపోతాను" అంది అక్క. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. కారు లేకుండా స్టేషన్‌లో కనిపిస్తే చాలు, ఇల్లు చూడకుండానే తీర్పు చెప్పేస్తుంది. ఆ ఇల్లు వదిలి వెళ్ళాలన్న ఆలోచనే బాబాయ్‌కి గిట్టదు. భార్య తిరిగిన ఇల్లు అది.

టీ కొట్టు దగ్గర ముగ్గురున్నారు. పొయ్యి ముందు టీ కొట్టాయన. బెంచీ చివర, చొక్కా కాలరుకి దారంతో సహా సూది గుచ్చుకుని, పక్క దుకాణం టైలర్. ఎదురుగా స్టూలు మీద, బడి పిల్లల వ్యాను నడిపే అమ్మాయి. బడి వదిలే వేళయ్యేదాకా ఆమె అక్కడే టీ తాగుతూ కూర్చుంటుంది. ఎక్కువ మాట్లాడదు.

"ఏం బాబాయ్, చేతులకి ఆ మసేంటి?" అన్నాడు టైలర్.

అడగడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. 'టైరు పోయిందిరా, ఓసారి వచ్చిపోతావా' అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. అంతలోనే టైలర్ నవ్వుతూ, "కొంపదీసి నువ్వే టైరు మార్చావా ఏంటి?" అన్నాడు. ఆ 'కొంపదీసి' దగ్గర బాబాయ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. పళ్ళ దాకా వచ్చిన మాట కడుపులోకి జారిపోయింది.

"టైరు మార్చడం కూడా ఒక పనేనట్రా? ఒకసారి కొండదారిలో ఏమైందో మీకు చెప్పలేదు కదూ?"

"చెప్పలేదన్నా చెప్తావు, చెప్పావన్నా చెప్తావు. కానియ్యి" అన్నాడు టైలర్.

"కొండదారి. పైగా వాన. వానంటే మామూలు వానా, ఆకాశానికి చిల్లు పడిందనుకో. ఢామ్మని ముందు టైరు పేలింది. ఇంకొకడైతే నెత్తిన చేతులు పెట్టుకు కూర్చునేవాడు. నేను దిగాను, జాకీ పెట్టి ఎత్తాను, నట్లు విప్పాను, స్టెప్నీ తగిలించాను, చేతులు దులుపుకున్నాను. నువ్వీ గ్లాసుడు టీ తాగేలోపు అయిపోయింది."

"వానలో అంత తొందరగానా!" అన్నాడు టీ కొట్టాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అక్కడ ఆగిపోతే బాగుండేది. 'అప్పుడంటే ఒంట్లో సత్తువుంది, ఇప్పుడు ఒక చెయ్యి సాయం కావాలి' అని మెల్లగా అసలు సంగతిలోకి దింపేయొచ్చు. బాబాయ్ అనుకున్నదీ అదే. కానీ టైలర్ గ్లాసు కింద పెట్టి, "సరే మరి, గుండీలు కుట్టాలి" అని లేవబోయాడు. వాడు లేస్తే ఇంకెవర్ని అడుగుతాడు? టీ కొట్టాయన పొయ్యి వదిలి రాలేడు. ఆ అమ్మాయి పిల్లల కోసం వెళ్ళిపోతుంది.

"కూర్చోరా, అసలు సంగతి వినకుండా పోతావేం? జాకీ అన్నానా? జాకీ ఎక్కడిది! డిక్కీ తెరిచి చూద్దును కదా, జాకీ లేదు, పానా లేదు, ఉత్త గోనెపట్టా ఉంది. దాన్ని నెత్తిన వేసుకున్నాను, కారు మూతిని ఎడం చేత్తో పైకెత్తి పట్టుకున్నాను, కుడి చేత్తో నట్లు విప్పాను. వేళ్ళతోనే. సీసా మూత తిప్పినట్టు తిప్పాను, అంతే."

టైలర్ మళ్ళీ కూర్చున్నాడు. "మరి పిన్ని కూడా కారులోనే ఉండుంటుందిగా, ఏం చేస్తోంది?"

"మీ పిన్నా? లోపల సీట్లో హాయిగా నిద్రపోతోంది. లేపడమెందుకని చప్పుడు కాకుండా ఎత్తాను."

ముగ్గురూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు గానీ, అందరికన్నా ముందే ఆపేశాడు. ఆగితే లేచిపోతారన్న భయంతో మళ్ళీ అందుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు! అంత కొండ మీద గాలి కొట్టేవాడెవడుంటాడు? నోరు పెట్టి ఊదాను."

"నోటితోనా?"

"నోటితోనే. మా నాన్న పోలిక నాది, ఊపిరి గట్టి. ఆయన తుమ్మితే పక్కింటి తలుపులు తెరుచుకునేవి. ఊదుతున్నాను, ఊదుతున్నాను, ఆ ఊపులో ఎక్కడ ఆపాలో మర్చిపోయాను. టైరు ఉబ్బింది, గుమ్మటంలా అయింది. తగిలించి, తలుపేసుకుని, స్టీరింగు పట్టుకున్నానో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు లేచింది!"

"స్టార్టయిందా?"

"స్టార్టవడమేంట్రా పిచ్చివాడా, పైకి లేచింది! నేల వదిలేసింది. కింద లోయ, పైన మబ్బులు, మధ్యన నేను. మబ్బుల్ని దాటి పోయాం. అక్కడ చుక్క వాన లేదు, అంతా పొడి. అద్దాలు తుడిచే పుల్లలు ఆపేశాను, ఊరికే అరిగిపోతాయని. ఎడమకి తిరగాలంటే టైరు మూతి కాస్త వదిలి గాలి తీసేవాణ్ణి, కుడికి తిరగాలంటే మళ్ళీ ఊదేవాణ్ణి. ఒక మెరుపు దగ్గరగా వచ్చింది. ఆ వెలుగులో నట్లన్నీ ఇంకోసారి సరిచూసుకున్నాను."

టీ కొట్టాయన పాలు పొంగుతున్నా చూసుకోలేదు. "భయమెయ్యలేదా బాబాయ్?"

"భయమా, నాకా? చందమామ పక్కన కాసేపు ఆపాను కూడా, ఇంజను చల్లారాలి కదా. అక్కణ్ణించి వంగి చూస్తే మన ఊరు మొత్తం కనిపించింది. ఈ వీధి, ఈ కొట్టు, మా ఇల్లు, అన్నీ. ఎక్కడా ఒక్క దీపం లేదురా. అందరూ పడుకున్నారు. గట్టిగా పిలిచాను. ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచాను..."

ఇది కథలో లేని ముక్క. ఎలా వచ్చిందో తనకే తెలియలేదు. చెబుతున్నకొద్దీ ఆ చీకటి ఊరు నిజంగానే కళ్ళ ముందు కనిపించసాగింది. అక్కణ్ణించి కిందికి దిగడం ఎలాగో తోచక బాబాయ్ ఒక్క క్షణం ఆగాడు.

ఆ సందులో వ్యాను అమ్మాయి గ్లాసు పక్కన పెట్టింది. "ఒక్క మాట అడగొచ్చా బాబాయ్ గారూ?"

"అడుగమ్మా. చందమామ దగ్గర ఎందుకాగాననేగా?"

"కాదండీ. అదంతా నమ్మేశాను. నోటితో ఊదడం, ఎగరడం, మెరుపు, అన్నీ. ఒక్కటే అంతుపట్టలేదు. కారు పైకెత్తాక నట్లు విప్పానన్నారు కదా?"

"అవును."

"ముందు చక్రం గాల్లో ఉంటే, నట్టు తిప్పబోతే దాంతోపాటు చక్రమూ గిర్రున తిరిగిపోదూ? దానికి హ్యాండ్ బ్రేకు కూడా పట్టదు. మరి నట్టెలా ఊడిందండీ?"

టైలర్ తొడ చరుచుకుని పకపకా నవ్వాడు. "అబ్బ, దొరికిపోయావు బాబాయ్! చందమామ దాకా వెళ్ళొచ్చి నట్టు దగ్గర పడ్డావు!"

పొద్దుట్నుంచీ బాబాయ్ కళ్ళ ముందు జరుగుతున్నదే ఆ అమ్మాయి చెప్పింది. పానా వేయడం, బలం పెట్టడం, చక్రం తిరగడం. మళ్ళీ వేయడం, మళ్ళీ తిరగడం. ఎప్పుడైనా అయితే నట్టుని మంత్రంతో కట్టేశానని చెప్పి నెగ్గుకొచ్చేవాడు. ఇప్పుడు ఏ అబద్ధమూ నోటికి రాలేదు.

"తిరగదమ్మా" అన్నాడు చివరికి.

"ఎందుకు తిరగదండీ?"

"మా ఆవిడ లోపల కూర్చుని బ్రేకు తొక్కి పడుతుంది కదా."

టైలర్ నవ్వు ఆగిపోయింది. "పిన్ని నిద్రపోతోందన్నావు?"

"నిద్రా?" బాబాయ్ తన మసి చేతుల వంక చూసుకున్నాడు. "కారెక్కితే రెప్ప వేసేది కాదురా ఆవిడ. టైరు పోయినప్పుడల్లా నేను జాకీతో ఎత్తేవాణ్ణి, ఆవిడ నా సీట్లోకి జరిగి రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి బిగబట్టుకు కూర్చునేది. 'అయిందా?' అనేది. 'ఇంకొక్కటి' అనేవాణ్ణి. అప్పటికి ఇంకా మూడుండేవి. మేమెప్పుడూ అలాగే మార్చేవాళ్ళం. ఇవాళ పొద్దున కూడా అలవాటు కొద్దీ ఎత్తేశాను. ఎత్తి, 'ఆఁ, తొక్కు' అన్నాను."

టీ కొట్టాయన పొయ్యి తగ్గించాడు. బాబాయ్ ఇక దాచుకోలేదు. అక్క వస్తున్న సంగతి, స్టేషన్‌కి కారులో వస్తానన్న సంగతి, లాక్కుపోతానన్న సంగతి, మూడూ ముక్తసరిగా చెప్పేశాడు. అంత చిన్న కథ ఆయన జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు.

వ్యాను అమ్మాయి స్టూలు ముందుకి జరుపుకుంది. "మరేం ఫర్వాలేదండీ. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసుకోవాలి. అప్పుడు బండి బరువుకి అది కదలదు. ఆ తర్వాత జాకీతో ఎత్తి పూర్తిగా విప్పుకోవడమే. మా వ్యాను టైరు నేనలాగే మారుస్తాను. ఇప్పుడు వెళ్ళి జాకీ దించేయండి, వదులు చేయండి, మళ్ళీ ఎత్తండి. ఇంకో మనిషి అక్కర్లేదు. మీరొక్కరే చేసుకోవచ్చు."

"ఒక్కణ్ణే?"

"ఒక్కరే. అందరూ అలాగే చేస్తారండీ."

బాబాయ్ తలూపాడు. అంత సుళువన్నమాట. అంటే ఆవిడ బ్రేకు తొక్కి కూర్చున్న సార్లన్నీ అక్కర్లేనివే. ఎండలో, వానలో, ఒకసారి జ్వరంతో కూడా కూర్చుంది. ఒక్కసారైనా ఎవరైనా ఆగి, ఇలా కాదు నాయనా అని చెప్పి ఉంటే ఆవిడ హాయిగా చెట్టు నీడన నిలబడి ఉండేది. చెప్పనందుకు ఆ దారిన పోయిన వాళ్ళందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. చెప్పి ఉంటే 'అయిందా?' అన్న మాట ఆయనకి దక్కేది కాదు.

దూరంగా బడి గంట వినిపించింది. వ్యాను అమ్మాయి లేచి, "జాగ్రత్తండీ, దించేటప్పుడు చేతులు కింద పెట్టకండి" అని చెప్పి వెళ్ళిపోయింది. బాబాయ్ కూడా లేచాడు. వచ్చిన పని అయినట్టే. స్టేషన్‌కి వేళకి వెళ్ళగలడు, అక్క ముందు తల ఎత్తుకు నిలబడగలడు, తన ఇంట్లో తను ఉండగలడు. అన్నీ ఒక్కడే చేసుకోగలడు. ఆ మాట లోపల తిరుగుతున్నకొద్దీ ఇంటికి వెళ్ళాలనిపించలేదు. ఇంకో మనిషిని పిలవడానికి ఉన్న ఒక్క కారణం కూడా పోయింది.

నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి వచ్చాడు. టైలర్ ముందు నిలబడ్డాడు. ఎన్ని కథలు చెప్పిన నోరో, నాలుగు మాటలకి తడుముకుంది.

"ఒరేయ్, నీ కుట్టుపని కాస్త ఆపి మా ఇంటి దాకా రాగలవా?"

"ఎందుకు బాబాయ్?"

"కారులో కూర్చుని బ్రేకు తొక్కాలి."

టైలర్ అయోమయంగా చూశాడు. "ఇప్పుడేగా ఆ అమ్మాయి చెప్పింది, దించి విప్పుకుంటే ఇంకో మనిషి అక్కర్లేదని?"

"అక్కర్లేదురా" అన్నాడు బాబాయ్. "నాకు తెలుసు. అయినా రా."

టైలర్ బెంచీ మీంచి లేచాడు. తర్వాత దుకాణం తలుపు దగ్గరికి వేసి వచ్చి, "పద" అన్నాడు.