ఊపిరి బిగబట్టే ఆట

గ్లాస్గోలో ఒక పాత భవనం, రెండో అంతస్తు. పిల్లలు దెయ్యాల వేషాల్లో ఇంటింటికీ తిరిగే హాలోవీన్ సాయంత్రం. ఇసొబెల్ అనే ముసలావిడ ఇంటి గుమ్మంలో ఎదురింటి ఐలీ, ఎముకల గూడు వేషంలో ఆమె ఐదేళ్ల కొడుకు ఫెర్గస్.

“అట్లా సంచీ చాపితే సరిపోదు బాబూ. ఈ ఊళ్లో దెయ్యాలకి కూడా ఊరికే పెట్టరు. పాటో, పొడుపుకథో, ఏదో ఒకటి చేసి చూపించాలి.”

“వాడికి సిగ్గండీ, ఇసొబెల్‌గారూ. నాలుగు వేరుశనక్కాయలు, ఓ కమలాపండు వేసెయ్యండి, వెళ్తాం.”

“ఇప్పుడేగా వచ్చారు. లోపలికి రండి, మెట్ల దగ్గర చలి. అవునూ, నల్లరంగు ఒక కంటికే పూసుకున్నావేం అమ్మాయీ? రెండో కన్నేం పాపం చేసింది?”

“టైము చాల్లేదండీ.”

“నాకేం సిగ్గు లేదు మామ్మా. నాకో ఆట వచ్చు.”

“పాట పాడు ఫెర్గస్. బళ్లో నేర్పారుగా, గుడ్లగూబ పాట.”

“అది చంటిపిల్లల పాటమ్మా. ఇది దెయ్యం ఆట. దెయ్యం వస్తుంది మామ్మా. నేనూ అమ్మా దాక్కుంటాం.”

“బాగుందే. ఎక్కడ దాక్కుంటారు?”

“కోట్ల అలమరలో.”

“టీవీలో చూశాడండీ ఏదో.”

“టీవీ కాదు. తాళంచెవి చప్పుడవుతుంది కదా, అప్పుడు ఊపిరి బిగబట్టాలి. టక్కున తలుపు తెరుచుకుంటే మంచిరోజు, బయటికి రావచ్చు. తాళంచెవి దూరక గీరుతూ గీరుతూ ఉంటే రాకూడదు.”

“ఫెర్గస్, చాలు. మామ్మకి వేరే పిల్లలొస్తారు.”

“రానీలే. చెప్పు బాబూ, ఈ ఆటలో ఎవరు గెలుస్తారు?”

“నేనే. నేను దగ్గను కూడా దగ్గను. అమ్మెప్పుడూ ఓడిపోతుంది. ముందు తనే బయటికెళ్లిపోతుంది. నన్ను మాత్రం రావద్దంటుంది.”

“ఐలీ.”

“పిల్లలు ఏవేవో కల్పిస్తారండీ. పొయ్యి మీద సూప్ పెట్టొచ్చాను. ఆయనొచ్చే వేళయింది.”

“ఇట్లా దీపం దగ్గరికి రా తల్లీ.”

“ముట్టుకోకండి. రంగు మీ చేతికి అంటుకుంటుంది.”

“అంటుకోవడం లేదే.”

“వెళ్తామండీ. రారా ఫెర్గస్. కమలాపండు తర్వాత తీసుకుందువుగాని.”

“అమ్మా, ష్. గీరుతోంది.”

“మీ తలుపేనా అది?”

“మాట్లాడకు మామ్మా. నువ్వు కూడా ఊపిరి బిగబట్టు.”

“ఐలీ, కూర్చో. నేను తలుపేశాను, గడియ కూడా పెట్టాను.”

“నన్ను వెళ్లనివ్వండి. ఇంట్లో లేకపోతే ఇంకా ఎక్కువవుతుంది. మీకు తెలీదు.”

“నలభై ఏళ్లుగా ఈ గోడల మధ్యే ఉన్నాను. నాకు వినబడదనుకున్నావా? విని ఊరుకున్నాను, అదీ నా సంగతి.”

“అమ్మా, ఇటే వస్తున్నాడు.”

“మా తలుపే కొడుతున్నాడు. ఐలీ, మీరిక్కడికి రానే లేదని చెప్పనా?”

“వద్దండీ. ముందు పోలీసులకి ఫోన్ చెయ్యండి. ఇక్కడే ఉన్నామని నేనే చెప్తాను.”