రేవుకు వెళ్లే కాలు

చిలీ దేశపు రేవు పట్నం వాల్పరాయిసోలో, కొండమీది ఇంటి గుమ్మంలో, మోకాలు చెడిన కుక్కను మధ్యన పడుకోబెట్టుకుని మొగుడూ పెళ్లామూ కూర్చున్నారు.

"ఆపరేషన్ చేస్తే నడుస్తుందన్నాడు కదయ్యా డాక్టరు."

"రెండు నెలలు మెట్లెక్కకూడదనీ అన్నాడు. మనకేమో నూట అరవై మెట్లాయె. ఎవరు మోస్తారే?"

"నేను మోస్తా."

"నీ మోకాళ్లు నిన్నే మొయ్యట్లేదు!"

ఆమె కుక్క కాలు నిమిరింది. ఆయన అసలు మాటకొచ్చాడు.

"అయినా నయమైతే ఏం చేస్తుందే? మళ్లీ రోజూ రేవుకెళ్లి, పడవతోపాటు మునిగిపోయిన మన కొడుకు నిబాల్దోగాడి కోసం కూర్చుంటుంది. అక్కడ పోయాడని వాడి పేర చిన్న గుడిలాంటి గూడు కట్టి, కొవ్వొత్తి వెలిగించి ఏడాదయింది. దీనికెలా చెప్పేది?"

"చెప్పొద్దు. కాలు బాగుచేయించు. వాడొస్తాడని చూసేది ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది."